బ్రహ్మాండం చెప్పిన చిన్నమాట

ఆమెకు కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటి ఉంది. ఆస్పత్రిలోనో బ్యాంకులోనో తప్ప దానితో ఎవరికీ పనిపడదు. ఊళ్లోకెల్లా పెద్ద హోటలు కింద, నేలమాళిగలో, దుప్పట్లూ తువ్వాళ్లూ ఉతికి ఇస్త్రీ చేసే విభాగంలో ఆమె బ్రహ్మాండం. చిన్నవాళ్లకు బ్రహ్మాండమక్క. టీ బాగున్నా బ్రహ్మాండమే, చెప్పు కరిచినా నొప్పి బ్రహ్మాండమే కాబట్టి ఆ పేరు అతుక్కుపోయింది.

ఆకలేస్తే మనందరి కడుపులో ఎలుకలు పరిగెడతాయి. ఆమె కడుపులో ఏనుగులు పరిగెత్తేవి. బస్సు కాస్త ఆలస్యమైతే యుగాలు గడిచిపోయేవి. సందు చివరి కొట్టుకు వెళ్లొస్తే భూప్రదక్షిణ. కూరలో ఉప్పు ఎక్కువైతే ఎవరో సముద్రాన్ని ఎత్తి గిన్నెలో వంచేశారు. గోరంతను కొండంత చేయడం చాలామందికి వచ్చు. ఈవిడ ఆ కొండ మీద ఇల్లు కూడా కట్టి మనల్ని భోజనానికి పిలిచేది.

ఇది పుట్టుకతో వచ్చిన రోగమేమీ కాదు. ఒకటిన్నర గది ఇంట్లో ఆరుగురు ఆడపిల్లల్లో ఐదోది ఆమె. "జ్వరంగా ఉందమ్మా" అంటే ఎవరో ఒకరు "పోయి పడుకో" అనేవారు. "అమ్మా, నా ఒంటిమీద రొట్టె పెడితే కాలిపోతుంది" అంటే అమ్మ చేస్తున్న పని వదిలి, నవ్వుకుంటూ వచ్చి నుదుటి మీద చెయ్యి వేసేది. ఆ చెయ్యి కావాలంటే మాట పెద్దది కావాలని ఆ పిల్లకు చాలా తొందరగా అర్థమైంది. ఇందులో ఆమె తప్పు నాకేమీ కనిపించదు.

తర్వాత దొరికిన ఉద్యోగం కూడా అలాంటిదే. నేలమాళిగలో ఒక పక్క ఉతికే యంత్రాలు, ఒక పక్క ఆరబెట్టే యంత్రాలు, మధ్యలో ఆవిరి గొట్టాల బుసలు. ఆ మోతలో మామూలు మాట పక్కమనిషి దాకా కూడా చేరదు. పెద్దగా అరవాలి, అరిచినందుకు వినేవాడికి ఏదైనా దక్కాలి. ఆమె దక్కించేది. నేలమాళిగకు పాతాళం అని పేరు పెట్టింది. పై అంతస్తుల నుంచి మాసిన బట్టలు దించే లిఫ్టు పుష్పక విమానం. పొద్దున పూట వచ్చి అందరి వెనకా తిరుగుతూ తప్పులు పట్టే సూపర్‌వైజరు చిత్రగుప్తుడు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, లోలోపల సంతోషం కూడా.

వీటన్నిటికీ మధ్య కుంభకర్ణుడు. అంటే దుప్పట్లు ఇస్త్రీ చేసే యంత్రం. రెండు పొడవాటి రోలర్లు, లోపల ఆవిరి. వేడెక్కి లేవడానికే పొద్దున చాలాసేపు పడుతుంది. లేచాక ఎన్ని దుప్పట్లు మింగినా కడుపు నిండదు. దాని నోటి దగ్గర ఇద్దరు ఆడవాళ్లు నిలబడాలి. తడి దుప్పటిని చెరో కొస పట్టుకుని, ఒక్క విదిలింపు విదిలించి, అంచు తిన్నగా రోలర్ల మధ్యకు అందించి, చేతులు వెంటనే వెనక్కి తీసుకోవాలి. ఒక కొస బ్రహ్మాండానిది. రెండో కొస పట్టుకునే ఆవిడను ఆమె వదినా అని పిలిచేది, ఆవిడా ఈమెను వదినా అనే పిలిచేది, చుట్టరికం మాత్రం ఏమీ లేదు. యంత్రం పక్కనే మీటలూ, దాన్ని ఆపే ఎర్ర బొత్తామూ ఉన్న పెట్టె ముందు ఒక పెద్దాయన స్టూలు వేసుకుని కూర్చునేవాడు. ఆయన స్విచ్చుల బాబాయి.

దుప్పటి మెలిపడి వంకరగా లోపలికి వెళ్లినప్పుడల్లా బ్రహ్మాండం గొంతెత్తేది. "చచ్చాన్రోయ్! మింగేశాడు! బాబాయ్, మా ఆయనకి కబురు పెట్టండి, రెండో పెళ్లి చేసుకోమనండి!" వదిన పగలబడి నవ్వుతూ అవతలి కొస లాగి సరిచేసేది. మడత బల్లల దగ్గరివాళ్లు, ఈసారి మొగుడికి ఏం కబురు వెళ్తుందో విందామని చెవులు రిక్కించేవాళ్లు. రోజులో ఎన్నిసార్లు చచ్చేదో ఆమెకే తెలియదు. ఆమె చచ్చిన రోజుల్లో పని చకచకా సాగేదని చిత్రగుప్తుడు కనిపెట్టాడు.

ఆ యంత్రానికి రోలర్ల నోటి ముందు అడ్డంగా ఒక సన్నటి కడ్డీ ఉండేది. వేలు తగిలితే చాలు, యంత్రం దానంతటదే ఆగిపోవాలి. కానీ మందపాటి దుప్పటి తగిలినా ఆగిపోతోందని, పని కుంటుపడుతోందని, దాన్ని గుడ్డపీలికతో పైకి ఎత్తి కట్టేశారు. కట్టమన్నది చిత్రగుప్తుడు, కట్టింది బాబాయి. "కుంభకర్ణుడి మూతి చిక్కం విప్పేశారు, ఇక లోకాలు మిగలవు" అని చప్పట్లు కొట్టింది మన బ్రహ్మాండమే.

ఆమె భర్త గురించి చెప్పాలి. ఊరి చివర లారీలు తూచే కాటా దగ్గర ఆయన ఉద్యోగం. ఖాళీ లారీ ఎంత, సరుకుతో ఎంత అని చెప్పడమే పని. ఇంట్లోనూ అంతే. "ఎలా ఉంది?" అని కూర గురించి అడిగితే "ఉప్పు కొంచెం తక్కువ" అనేవాడు, నిజంగానే కొంచెం తక్కువ ఉండేది. వానాకాలంలో గొడుగు మరిచిపోయి తడిసి ముద్దయి వచ్చినా "తడిశాను" అనేవాడే తప్ప ఇంకో ముక్క కలిపేవాడు కాదు. "మీ నోట్లోంచి ఒక మాట రాలాలంటే భగీరథుడు మళ్లీ పుట్టాలండీ" అనేది ఆమె. ఆయన "ఊఁ" అనేవాడు. ఆయనకు ఆమె మాటలంటే చాలా ఇష్టం. ఆ ఇష్టం కూడా పైకి చెప్పలేదు, ఎదురుగా కూర్చుని వినేవాడు.

వాళ్లకో కూతురు, ఫోన్లు అమ్మే దుకాణంలో పని. "అమ్మా, మళ్లీ అను, ఇంకోసారి" అంటూ తల్లి మాటలు రికార్డు చేసి స్నేహితులకు పంపేది. ముగ్గురూ హోటలువాళ్లు ఇచ్చిన గదిలోనే ఉండేవాళ్లు. ఆమెకు ఉద్యోగం ఉన్నంతకాలమే ఆ గది.

వేళ్ల సంగతి ఎప్పుడు మొదలైందో చెప్పడం కష్టం. మొదట కుడిచేతి చివరి మూడు వేళ్లలో తిమ్మిరి. "వేళ్లలో చీమల సైన్యం కవాతు చేస్తోంది" అంది. అందరూ నవ్వారు. కొన్నాళ్లకు తిమ్మిరి పోయింది, దానితోపాటు మిగతాదీ పోయింది. వేడీ, చల్లనా, నునుపూ, గరుకూ ఏదీ తెలియకుండా అయింది. గుండీ పెట్టుకోవాలంటే కళ్లతో చూస్తూ పెట్టుకోవాలి.

ఒక సాయంత్రం ఆమె పొయ్యి మీది గిన్నె దించి, ఆ రోజు పాతాళంలో జరిగినవి చెబుతూ వడ్డిస్తోంది. భర్త ఆమె చెయ్యి పట్టుకుని దీపం వైపు తిప్పాడు. చిటికెన వేలి కొన మీద చర్మం తెల్లగా ఉబ్బి ఉంది.

"ఇదేంటి?"

"ఏది?" అంది ఆమె. చూసింది. గిన్నె అంచు పట్టుకున్నప్పుడు కాలింది. కాలినట్టు ఆమెకు తెలియలేదు.

"చూశారా, నేనిప్పుడు అగ్నిప్రవేశం చేసినా చెక్కు చెదరను" అనేసింది. కూతురు పడీపడీ నవ్వి, ఫోను తీసి "అమ్మా, మళ్లీ అను" అంది. ఆమె మళ్లీ అంది. భర్త నవ్వలేదు.

ఆ రోజు నుంచి ఆమెకు రోలర్లంటే భయం పట్టుకుంది. అంచు అందించాక చెయ్యి వెనక్కి వచ్చిందో లేదో వేళ్లు చెప్పవు. గుడ్డ ఎక్కడ అయిపోయిందో, వేలు ఎక్కడ మొదలైందో కళ్లతో చూసుకోవాలి. కళ్లు ఒక్కసారి పక్కకు తిరిగితే చాలు. మడత బల్లకు మారితే ఈ బాధ లేదు, తువ్వాళ్లు మడతపెట్టడానికి ఎడమచెయ్యి సాయంతో ఎలాగో సరిపోతుంది. ఉద్యోగం ఉంటుంది, గది ఉంటుంది, చెయ్యీ ఉంటుంది. ఆమెకు కావలసింది అంతే.

అడగలేదా అంటే అడిగింది. హోటలువాళ్లు కుదిర్చిన డాక్టరు దగ్గరికి వెళ్లి, "డాక్టరుగారూ, నా వేళ్లు స్వర్గస్తులయ్యాయి, కర్మకాండలు కూడా అయిపోయాయి" అంది. డాక్టరు నవ్వి, "మీరు రోజూ ఒక గంట ఇక్కడ కూర్చుంటే నా రోగులకి మందులక్కర్లేదమ్మా" అని బలానికి బిళ్లలు రాసిచ్చాడు. ఒక్క సూది గుచ్చి చూస్తే సరిపోయేది. నవ్వుతున్నవాడికి సూది ఎక్కడ గుర్తొస్తుంది, నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

చిత్రగుప్తుణ్ణీ అడిగింది. "అయ్యా, ఈ కుంభకర్ణుడి నోటి దగ్గర నేనిక ఒక్క రోజు నిలబడ్డా నా చెయ్యి లంకలా తగలబడిపోతుంది. నన్ను మడత బల్లకి మార్చండి." ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "నువ్వు అక్కడ లేకపోతే సెక్షనంతా పడుకుంటుంది తల్లీ. మడత బల్ల దగ్గర నీ మాటలు ఎవరికి వినబడతాయి?" అన్నాడు. పొగడ్తే అది. పొగిడి, అక్కడే కట్టేశాడు.

ఆ తర్వాత వారమో, పది రోజులో గడిచాయి. ఒక మధ్యాహ్నం దుప్పటి మెలిపడింది. సరిచేయబోతే ఆమె యూనిఫాం చెయ్యి అంచు దుప్పటితో కలిసి రోలర్ల మధ్యకు వెళ్లింది. చెయ్యి ముందుకు లాగినట్టయింది. "చచ్చాన్రోయ్! బాబాయ్! ఆపు!" అని కేక పెట్టింది. గుడ్డ చిరిగింది. ఆమె వెనక్కి పడింది. చేతికి ఏమీ కాలేదు.

కానీ పడుతూ పడుతూ ఆమె బాబాయి వైపే చూసింది. ఆయన ఒక చేతిలో టీ గ్లాసు. రెండో చెయ్యి ఎర్ర బొత్తానికి జానెడు దూరంలో ఉంది. ఆ చెయ్యి కదల్లేదు. ఆయన నోరారా నవ్వుతున్నాడు.

"ఇవాళ కొత్త రాగం తీశావే!" అన్నాడు.

"ఆపమన్నాను కదా బాబాయ్."

"రోజుకి నాలుగుసార్లు చస్తావు. ప్రతిసారీ ఆపితే దుప్పట్లెవరు తీస్తారమ్మా?"

ఆయన చెడ్డవాడు కాదు. ఆమెకు జ్వరమొస్తే ఇంటి నుంచి పాలు తెచ్చి ఇచ్చిన మనిషి. అందుకే చిరిగిన గుడ్డ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. రేపు నిజంగా వేళ్లు లోపలికి పోతే ఆమెకే ఆలస్యంగా తెలుస్తుంది. తెలిశాక ఏమని అరవాలి? "చచ్చాను" అన్నది రోజూ అనేదే. "అమ్మో" అన్నదీ రోజూ అనేదే. ఇంతమంది మధ్య, ఇంత దగ్గరగా నిలబడి, ఆపండని చెప్పడానికి ఆమె దగ్గర ఒక్క అరుపు కూడా మిగల్లేదు. వదిన అవతలి కొస పట్టుకుని "రా వదినా, దుప్పట్ల కొండ పెరిగిపోతోంది" అంది. ఆమె వెళ్లి తన కొస పట్టుకుంది.

సెలవు రోజు పొద్దున భర్త చెప్పులకు పాలిష్ వేసుకుంటుంటే ఆమె వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఏవండీ, మీలాగా మాట్లాడటం నేర్పండి నాకు."

ఆయన బ్రష్షు పక్కన పెట్టాడు. "ఎవరితో మాట్లాడాలి?"

"చిత్రగుప్తుడితో."

"సూపర్‌వైజరుతో" అన్నాడాయన. పాఠం అక్కడే మొదలైంది.

"సరే, సూపర్‌వైజరుతో. నా వేళ్లు చచ్చి శవాల్లా వేలాడుతున్నాయి..."

"శవాలొద్దు."

"మరి?"

"స్పర్శ లేదు."

"అంతేనా? ఇంత చిన్నమాటకి ఎవరు లేచొస్తారండీ?"

"నేను లేస్తాను" అన్నాడు.

ఆమె మాటలు పేర్చడం మొదలుపెట్టింది. మూడు మాటలు కుదిరాయి. కుడిచేతి మూడు వేళ్లకు స్పర్శ లేదు. రోలర్ దగ్గర పనిచేస్తే చెయ్యి లోపలికి పోతుంది. నన్ను మడత బల్లకు మార్చండి. అవి మూడూ అద్దం ముందు నిలబడి అంది. ప్రతిసారీ చివర ఏదో ఒకటి తగిలించకుండా ఉండలేకపోయింది. గుడ్డల్లేకుండా వీధిలో నిలబడ్డట్టుందని చెప్పి, "ఇది కూడా ఎక్కువైందా?" అని అడిగింది. "లేదు, ఇది సరిపోయింది" అన్నాడు భర్త.

"నేనొచ్చి చెప్పనా?" అని కూడా అన్నాడు.

"వద్దు. చెయ్యి నాది. ఇన్నేళ్లు వాళ్ల మధ్య నిలబడ్డాను. నా మాట మీద నమ్మాలి వాళ్లు, మీ మాట మీద కాదు." ఆ మాట చెప్పేటప్పుడు ఆమెకు కళ్లనీళ్లు తిరిగాయి.

మర్నాడు టీ వేళకు యంత్రాల మోత కొంచెం తగ్గింది. బట్టల బుట్టల మీద అందరూ కూర్చున్నారు. సూపర్‌వైజరు కూడా గ్లాసు పట్టుకుని వచ్చాడు, ఆ వేళకు వస్తే రెండు నవ్వులు దొరుకుతాయని. బ్రహ్మాండం లేచి నిలబడింది. చేతులు కిందికి వేలాడేసింది.

"సార్. నా కుడిచేతి మూడు వేళ్లకి స్పర్శ లేదు. రోలర్ దగ్గర పనిచేస్తే చెయ్యి లోపలికి పోతుంది. నన్ను మడత బల్లకి మార్చండి."

అందరూ ఆమె వంకే చూస్తున్నారు. ఆమె సార్ అనగా ఎవరూ ఎప్పుడూ వినలేదు. సూపర్‌వైజరు కళ్లు మెరుస్తున్నాయి. "ఊఁ. తర్వాత?" అన్నాడు.

"తర్వాత ఏమీ లేదు సార్. అంతే."

అంతే అన్న మాటకు పాతాళం ఘొల్లుమంది. వదిన తొడలు చరుచుకుంది. బాబాయికి టీ పొలమారింది. మడత బల్లల దగ్గరివాళ్లు "ఆ మొహం చూడండర్రా, అచ్చం జడ్జిగారు తీర్పు చదివినట్టు" అని ఒకళ్ల మీద ఒకళ్లు పడ్డారు.

"నిజంగా చెబుతున్నా" అంది ఆమె.

నవ్వు ఇంకా పెరిగింది. నిజంగా అనే మాట ఆమె ఎన్ని అబద్ధాల ముందు తగిలించిందో! "ఒట్టు" అంది. ఎన్నో ఒట్లు వేసింది ఇదివరకు, సూర్యచంద్రుల మీద, పుష్పక విమానం మీద, బాబాయి బట్టతల మీద. "నా కూతురు మీద ఒట్టు" అంది. అదీ పాతదే, పోయినసారి దుప్పట్లో మొసలి ఉందని చెప్పినప్పుడు వేసింది. ఒక్కొక్క మాటా చేతికి తీసుకుని చూసింది, అన్నీ వాడేసినవే. నమ్మండి అనడానికి ఆమెకు ఒక్క కొత్త మాట లేదు. చెయ్యి చాచి వేళ్లు చూపించింది. వేళ్లు మామూలుగానే ఉన్నాయి. స్పర్శ లేకపోవడం ఎవరికి కనబడుతుంది?

సూపర్‌వైజరు కళ్లు తుడుచుకున్నాడు. "ఇన్నేళ్లలో ఇంత బాగా ఎప్పుడూ చేయలేదు నువ్వు. అబ్బ! ఇంకేదో ఉంది, నాకు తెలుసు, చెప్పు చెప్పు" అన్నాడు.

నవ్వు ఆగింది. అందరి మొహాల్లోనూ ఆ చివరి మాట కోసం ఎదురుచూపు. వాళ్లంతా ఆమెను ప్రేమించేవాళ్లు. అంత ప్రేమగా చూస్తున్న మొహాల ముందు అలా ఒట్టి చేతులతో నిలబడటం ఆమె వల్ల కాలేదు. నోరు దానంతటదే తెరుచుకుంది.

"కాబట్టి చిత్రగుప్తా! ఈ మూడు వేళ్లనీ స్వర్గానికి పంపించి, మిగతా నన్ను నీ నరకంలోనే అట్టిపెట్టుకో!"

చప్పట్లు మారుమోగాయి. టీ వేళ అయిపోయింది. ఆమె వెళ్లి రోలర్ల ముందు నిలబడి, వేళ్ల వైపు కన్నార్పకుండా చూస్తూ సాయంత్రం దాకా దుప్పట్లు అందించింది. మెడ పట్టేసింది.

ఇంటికొచ్చాక భర్త అడిగాడు. "చెప్పావా?"

"చెప్పాను."

"ఏమన్నారు?"

"నవ్వారు."

ఆయన ముద్ద పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. ఇంకేమైనా వస్తుందేమోనని చూశాడు. ఆమె గిన్నెలు తీసుకుని లోపలికి వెళ్లింది. పెళ్లయినప్పటి నుంచి తన భార్య ఒక్క మాటతో ముగించిన జవాబు ఆయన వినడం అదే మొదలు. ఆమె మీద జాలి కాదు, భయం వేసింది ఆయనకు.

తెల్లవారాక ఆయన కాటాకు వెళ్లలేదు. ఆమె వెనకే నడిచాడు. నేలమాళిగ మెట్లు దిగి, తిన్నగా సూపర్‌వైజరు ముందుకెళ్లి నిలబడ్డాడు. సూపర్‌వైజరుకు ఆయన తెలుసు. సూపర్‌వైజరు బావమరిది లారీలు ఆ కాటా మీదికే వస్తాయి. కాస్త చూసీచూడనట్టు పొమ్మని ఎంత బతిమాలినా తూకంలో ఒక్క కిలో తేడా రానివ్వలేదని, ఆ మనిషి సొంత తండ్రి కాటా ఎక్కినా ఉన్నదే చెబుతాడని, బావమరిది ఇంటికొచ్చి తిట్టిపోసిన సంగతి ఆయనకు గుర్తే.

"మా ఆవిడ చెయ్యి..." అని మొదలుపెట్టాడు భర్త. యంత్రాల మోతలో వినబడలేదు.

"ఏంటీ?" అన్నాడు సూపర్‌వైజరు.

భర్త భార్య వైపు చూశాడు. రోలర్ల వైపు చూశాడు. పైకి ఎత్తి కట్టేసిన కడ్డీని చూశాడు. ఆయన గొంతులోంచి అంత పెద్ద ధ్వని వస్తుందని ఆమెకు అప్పటిదాకా తెలియదు.

"మా ఆవిడ చెయ్యి మోచేతి దాకా చచ్చుబడిపోయింది! నిన్న సాయంత్రం మండుతున్న పొయ్యి మీద చెయ్యి పెట్టి మాట్లాడుతూ కూర్చుంది. చర్మం కాలిన వాసన నాకొచ్చింది, దానికి తెలియలేదు. పెద్దాస్పత్రికి ఎత్తుకెళ్లాను. నలుగురు డాక్టర్లు చూశారు. ఇంకోసారి వేడి తగిలితే భుజం దాకా తీసేయాలన్నారు!"

ఒక్క ముక్క నిజం లేదు అందులో. బ్రహ్మాండం నోరు తెరుచుకుని ఉండిపోయింది.

ఏ ఆస్పత్రి అని ఎవరూ అడగలేదు. పొయ్యి మీద కాలిన చేతికి కట్టేదీ అని కూడా అడగలేదు. ఆ చెయ్యి వాళ్ల కళ్ల ముందే ఉంది, వేలి కొన మీద చిన్న మచ్చ తప్ప శుభ్రంగా. దాన్నే చూశారు, చూసి గుడ్లు తేలేశారు. బాబాయి స్టూలు మీంచి లేచి ఎర్ర బొత్తాన్ని అరచేత్తో బలంగా కొట్టాడు. కుంభకర్ణుడు ఆగిపోయాడు. ఆయన ఆగిన రోలర్ల దగ్గరికి వెళ్లి కడ్డీకి కట్టిన గుడ్డపీలిక విప్పడం మొదలుపెట్టాడు. ముడి బిగుసుకుపోయింది, చాలాసేపటి దాకా రాలేదు.

వదిన పరిగెత్తుకొచ్చి ఆమెను కావలించుకుంది. "ఇంత బాధ పడుతూ నాతో ఒక్క మాట చెప్పలేదేం వదినా?" అని ఏడ్చింది.

సూపర్‌వైజరు గబగబా వచ్చాడు. "ముందే చెప్పొచ్చు కదమ్మా!" అని ఆమెనే కసిరాడు. "ఇలాంటి విషయాలు దాచుకుంటారా ఎవరైనా? పద, పద, ఈ క్షణం నుంచి మడత బల్ల. ఇటువైపు అడుగు పెట్టావంటే ఊరుకోను."

ఆమె ఏదో అనబోయింది. నిన్న ఇదే చోట, ఇదే మనిషితో అన్న మూడు మాటలూ గొంతు దాకా వచ్చాయి. మింగేసింది. కావలసింది దొరికింది. చెయ్యి మిగిలింది, గది మిగిలింది. సంతోషించాలి. సంతోషం రాలేదు, అవమానంతో చెవులు వేడెక్కిపోయాయి.

భర్తను మెట్ల దాకా సాగనంపింది. ఆయనకు చెమటలు పడుతున్నాయి. జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు, మళ్లీ తుడుచుకున్నాడు.

"అంత అబద్ధం ఎందుకండీ? మోచెయ్యంటారు, భుజమంటారు, నలుగురు డాక్టర్లంటారు."

"నిజం నిన్న నువ్వు చెప్పావుగా" అన్నాడాయన. మెట్లెక్కి వెళ్లిపోయాడు.

మడత బల్ల దగ్గర ఆమె కోసం అందరూ జరిగి చోటిచ్చారు. ఎవరో కుర్చీ తెచ్చారు, ఎవరో నీళ్లు తెచ్చారు. కుడిచెయ్యి కదపొద్దని, తువ్వాళ్లు మేం చూసుకుంటామని అన్నారు. నవ్వేవాళ్లెవరూ లేరు. పక్కనున్న ఆవిడ మెల్లగా ఆమె మణికట్టు పట్టుకుని, "బాగా నొప్పిగా ఉందా అక్కా?" అని అడిగింది.

"లేదు. నొప్పేమీ లేదు" అంది బ్రహ్మాండం. అది నిజమే, ఆ వేళ్లకు నొప్పి తెలిసి చాలా కాలమైంది.

పాపం, ఎంత ఓర్చుకుంటోందో అన్నట్టు వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.